జంపఖానాకు హక్కుల సర్టిఫికెట్

ప్రపంచం మొత్తమ్మీద మానవ హక్కులు పూర్తి భద్రంగా ఉన్న చోటు ఒకే ఒక్కటి. అది వరంగల్ కొత్తవాడలో, ఒక రేకుల షెడ్డులో, ఏడో నంబరు మగ్గం దగ్గర ఉంది. ఇది గాలిమాట కాదు. ముప్పై రెండు సంతకాలతో, మూడు రంగుల సీళ్లతో సర్టిఫికెట్ ఉంది. దాన్ని ఫ్రేము కట్టించి కరెంటు మీటరు పక్కన తగిలించారు. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు, చెప్పులు బయట విడిస్తే చాలు.

ఆ మగ్గం మీద కూర్చునే మనిషి సదానందం. వయసు యాభై ఎనిమిది. పద్నాలుగు మగ్గాల జంపఖానా నేతగాళ్ల సంఘానికి అధ్యక్షుడు. (పద్నాలుగింటిలో తొమ్మిది ఎప్పుడో మూలకు పడ్డాయి గానీ అధ్యక్ష పదవి అన్నిటికీ వర్తిస్తుంది.) ఎవరికీ పల్లెత్తు మాట అనని మనిషి. అంటే ఊరుకునే భార్యా కాదు ఆయనకు దొరికింది. ఆమె పేరు సమ్మమ్మ. ఆయన నేస్తుంటే నూలు కండెలు చుట్టేదీ, ఆయన మాట్లాడుతుంటే మధ్యలో అందుకునేదీ ఆమే.

ఇక పడమటి దిక్కున ఒక గొప్ప దేశం ఉంది. ప్రతి ఉత్తరం నెత్తిన 'విలువలే మా పునాది' అని అచ్చు వేసుకుంటుంది కాబట్టి విలువల దేశం అందాం. దానికొక స్నేహితుడు. ఆ స్నేహితుడి దగ్గర నూనె బావులు దండిగా ఉన్నాయి, జైళ్లు ఇంకా దండిగా ఉన్నాయి. విలువల దేశం కాగితాల్లో దాన్ని 'మిత్రదేశం' అంటారు. మనమూ అలాగే అందాం, సంబంధాలు చెడగొట్టుకోవడం దేనికి.

ఈ రెండు దేశాలూ ఒక పెద్ద ఒప్పందం మీద సంతకాలు పెట్టాలనుకున్నాయి. అందుకు విలువల దేశపు విదేశాంగ శాఖలో మైత్రీ మందిరం అని ఒక హాలు ఉంది. ఆ హాలుకొక కట్టుదిట్టమైన చట్టం ఉంది: మనుషుల హక్కులను తొక్కి తయారు చేసిన ఏ వస్తువూ దాని గుమ్మం దాటకూడదు. (ఈ చట్టం వస్తువులకు మాత్రమే. మనుషులు వచ్చే గుమ్మం వేరే ఉంది.) హాలులో పరచడానికి నలభై అడుగుల జంపఖానా కావలసి వచ్చి, చేతి నేత అయితే ఫొటోల్లో బాగుంటుందని ఎవరో సలహా ఇవ్వగా, ఆర్డరు తిరిగి తిరిగి కొత్తవాడ చేరింది.

సదానందానికి కాళ్లు నేల మీద ఆగలేదు. ఏడు నెలలుగా ఆ ఏడో నంబరు పెద్ద మగ్గం మీద టార్పాలిన్ తప్ప ఇంకేమీ లేదు. డిజైను కాగితం షెడ్డు మధ్యలో పరిచి అందరినీ పిలిచాడు. ఒక పక్క విలువల దేశపు గుర్తు, ఓడ. ఇంకో పక్క మిత్రదేశపు గుర్తు, ముక్కున తాళంచెవి పట్టుకున్న గద్ద.

అందరికంటే వెనక నిలబడిన లాల్‌బీ ముందుకొచ్చి ఆ గద్దను చూసింది. లాల్‌బీ ఆ షెడ్డులో నూలుకు రంగులేస్తుంది, ఇరవై ఏళ్లుగా. ఇంటికి పోయి ఒక కవరు పట్టుకొచ్చి కాగితం పక్కన పెట్టింది. కవరు మీద అదే గద్ద. అదే తాళంచెవి.

ఆ కవరు ఆమె కొడుకు మతీన్ ఉన్న జైలు నుంచి వచ్చింది. మతీన్ మిత్రదేశంలో ఏసీ డక్టులు బిగించే పనికి పోయాడు. చెల్లెలు హుమేరా పెళ్లికి ఇంటికొస్తానని, కంపెనీ దాచుకున్న తన పాస్‌పోర్టు తనకిమ్మని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. అక్కడ దానికి 'ప్రజా ప్రశాంతతకు భంగం' అని పేరు. పెళ్లి అయిపోయింది, హుమేరాకు ఇప్పుడు కొడుకు పుట్టి పాకుతున్నాడు, మామ ఇంకా లోపలే ఉన్నాడు.

లాల్‌బీ రాయని చోటు లేదు. విలువల దేశానికి కూడా రాసింది, మీ దోస్తు గదా జర చెప్పమని. ఆ దేశం పద్ధతి గల దేశం, జవాబివ్వకుండా ఉండదు. వాళ్ల దగ్గర ఆందోళనల మాన్యువల్ అని ఒకటుంది. దాని ప్రకారం మొదటి ఉత్తరానికి 'గమనించాం' అని, రెండో ఉత్తరానికి 'ఆందోళన చెందుతున్నాం' అని, మూడోదానికి 'గాఢమైన ఆందోళన చెందుతున్నాం' అని వస్తుంది. నాలుగోది రాస్తే మళ్లీ 'గమనించాం' నుంచి మొదలు. లాల్‌బీ దగ్గర రెండు చుట్లు పూర్తయ్యాయి.

"గీ గద్దకు నేను కండె సుట్టనంటె సుట్ట," అంది సమ్మమ్మ, చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టేసి.

"ఏడు నెలల సంది పని లేదే. పద్నాలుగిండ్లున్నయి," అన్నాడు సదానందం.

"రాజేశ్వర్ రావు సంగతి యాదికున్నదా లేదా?"

ఎవరికి లేదు? రాజేశ్వర్ రావు నూలు వ్యాపారి. ఒకసారి కోపంలో రంగులేసే మనిషి చెంప మీద కొట్టాడు. వీధి వీధంతా ఆయన్ను పిలవడం మానేసింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, కేసు పెట్టలేదు. పెళ్లయినా పేరంటమైనా, అన్ని గడపలకూ బొట్టు పెట్టి పిలిచి ఆయన గడప మాత్రం దాటేసేవాళ్లు. మూడేళ్లు ఆయన కొత్తవాడలో విస్తరి ముందు కూర్చోలేదు. మూడో ఏడు, సమ్మమ్మ పెద్దబిడ్డ పెళ్లికి మటన్ వాసన గాలికి పోయి ఆయన కిటికీలో దూరిందట. మర్నాడు పొద్దున్నే ఆ రంగుల మనిషి ఇంటికెళ్లి చేతులు పట్టుకున్నాడు. ఆ రంగుల మనిషి లాల్‌బీ భర్త, ఇప్పుడు లేడు.

అందరూ లాల్‌బీ వైపు చూశారు. ఆమె గద్దను ఇంకోసారి చూసింది.

"నెయ్యుండ్రి అన్నా," అంది. "గని మొదటి వరుస నా కొడుకు పేరు మీద వెయ్యుండ్రి. వాని పేరు మీద కాలు పెట్టకుంట ఆ హాల్లకు ఎట్ల పోతరో సూద్దాం."

ఇది ఆ సంఘంలో సదానందం తండ్రి పెట్టిన ఆనవాయితీ. పెద్ద జంపఖానా మగ్గం ఎక్కిస్తే అడుగున ఒక్కో మనిషి ఒక్కో వరుస వేయాలి. ఊళ్లో లేనివాళ్ల వరుస వాళ్లింటివాళ్లు వేస్తారు, రిజిస్టర్లో మాత్రం లేనివాళ్ల పేరే రాస్తారు. అలా ఇరవై మూడు పేర్లు ఎక్కాయి. మొదటి పేరు మతీన్. వచ్చినట్టు సంతకం పెట్టే గడిలో గుమస్తా రాంప్రసాద్ 'రాలేదు' అని రాశాడు. గుమస్తా కాబట్టి నిజం రాశాడు, అంతకుమించి ఆలోచించలేదు.

నేత ముగింపుకొచ్చే వేళకు తనిఖీ వచ్చింది. విలువల దేశం నుంచి క్లారా మేడం, ఆమెకు తెలుగు చెప్పడానికి హనుమకొండ పిల్ల దీప, వాళ్లతోపాటు ఎనభై ఆరు పేజీల మానవ హక్కుల పూచీ పత్రం. క్లారా మేడం మంచి మనిషి. ఎండకు ముఖం ఎర్రగా కందినా గొడుగు పట్టనివ్వలేదు. (గొడుగు పట్టేవాడి హక్కుల మీద నలభయ్యో పేజీలో ఒక ప్రశ్న ఉంది.)

మొదటి చిక్కు సమ్మమ్మ దగ్గర వచ్చింది.

"పెద్దమ్మా, ఈ పని ఇష్టం లేకపోతే మానేసే స్వేచ్ఛ నీకుందా అని అడుగుతాండ్రు," అంది దీప.

"నాకా? నేను రోజుకు రెండుసార్లు మానేస్త. ఈయననే బతిమిలాడి కూసోవెడ్తడు."

"మరి పెద్దబాపుకు మానేసే స్వేచ్ఛ ఉందా?"

"ఆయనకెందుకు?"

క్లారా మేడం అది రాసుకుని, సదానందాన్ని పక్కకు పిలిచి, ఇంట్లో ఏదైనా ఒత్తిడి ఉంటే నిర్భయంగా చెప్పవచ్చని అంది. సదానందం పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి ఎవరో అడిగినందుకు కదిలిపోయాడు గానీ, సమ్మమ్మ చూస్తుండటం వల్ల ఏమీ లేదన్నాడు.

రెండో చిక్కు మొండయ్య. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. మగ్గం దిగి పదేళ్లయినా పొద్దున్నే వచ్చి షెడ్డులో కూర్చుంటాడు. వృద్ధుల చేత పని చేయించడం ఉల్లంఘన కాబట్టి ఆయన్ను వెంటనే ఇంటికి పంపాలని తీర్మానం జరిగింది.

"ఇంటికా?" అన్నాడు మొండయ్య. "అమ్మా, ఇంట్ల మా కోడలుంటది. జైలుకు పంపు, పోత."

జైలు మాట వినగానే క్లారా మేడం కలం ఆపి, ఆయన ఉండొచ్చని రాసింది.

చివరికి హాజరు రిజిస్టరు. ఇరవై రెండు పేర్లకు ఇరవై రెండు మందిని నిలబెట్టి సరిచూశాక మొదటి పేరు మిగిలింది.

"ఈ మతీన్ ఎక్కడ?"

రాంప్రసాద్ నేల చూపులు చూశాడు. సదానందం గొంతు సవరించుకుని, "జైల్ల ఉన్నడు మేడం," అన్నాడు. "మీ దోస్తు దేశంల. పాస్‌పోర్టు అడిగిండట."

దీప ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు తీసుకుంది. క్లారా మేడం ముఖంలో ఎండ ఎరుపు కూడా పోయింది. పూచీ పత్రం అరవై ఒకటో పేజీ ప్రకారం జంపఖానాలో ఒక్క వరుస తన పేరున ఉన్నా అతను కార్మికుడే. కార్మికుడు అన్యాయంగా నిర్బంధంలో ఉంటే ఆ వస్తువు గుమ్మం దాటదు. ఇంతవరకు ఈ పేజీతో ఎవరికీ పనిపడలేదు.

ఆమె బ్యాగులోంచి చిన్న వైట్‌నర్ సీసా తీసి బల్ల మీద పెట్టింది. పాపం, ఆమె చేయగలిగిన సాయం అదొక్కటే.

"కొట్టేద్దామే," అని గొణిగాడు రాంప్రసాద్. "ఒక్క పేరే గదా అధ్యక్షా. పద్నాలుగిండ్లు..."

పద్నాలుగు ఇళ్లూ సదానందం కళ్ల ముందు తిరిగాయి. సీసా వంక చూశాడు. లాల్‌బీ వంక చూడలేకపోయాడు. ఆమె రంగు మరకల చేతులను కొంగులో దాచుకుని, ఏది చెప్పినా ఒప్పుకునే మనిషిలా నిలబడింది. ఆయనకు దుఃఖం వచ్చింది, దుఃఖంతోపాటు కోపం కూడా వచ్చింది. ఆయన కోపంలోనూ మెల్లగానే మాట్లాడతాడు.

"పేరు కొట్టేస్తే వరుస తియ్యాలె మేడం. అది అడుగు వరుస. అది తీస్తే నలభై అడుగులూ ఇప్పాలె. ఇప్పుమంటే చెప్పుండ్రి, ఇప్పుడే మొదలు పెడ్త. పేరు మాత్రం అట్లనే ఉంటది."

క్లారా మేడం సీసా తిరిగి బ్యాగులో పెట్టుకుంది. తర్వాత, ఫారంలో లేకపోయినా, తన దేశం తరఫున రెండు మాటలు చెప్పాలనిపించింది ఆమెకు.

"చెడ్డవాళ్లతో సంబంధాలు తెంచుకోవడం తేలిక. తెంచుకుంటే వాళ్లకు మంచి చెప్పేదెవరు? మాట్లాడుతూ ఉంటేనే కదా మారేది."

దీప అది చెప్పగానే సమ్మమ్మ ముందుకు జరిగింది.

"నిజమే బిడ్డా. ఎన్నేండ్ల సంది మాట్లాడుతాండ్రు?"

"నలభై మూడేళ్లు."

"మరి వాళ్లేమంటాండ్రు?"

క్లారా మేడం కాస్త ఆలోచించి, "వింటున్నారు," అంది.

"మాకు రాజేశ్వర్ రావు అని ఒకడుండె," అని సమ్మమ్మ మొదలుపెట్టి, మటన్ వాసన దాకా పూర్తిగా చెప్పింది. క్లారా మేడం అంతా శ్రద్ధగా రాసుకుని, మీ పద్ధతి మా శాఖ దృష్టిలో అతి తీవ్రమైనదని నొచ్చుకుంటూ చెప్పింది. అయినా సమ్మమ్మ ఆమెకు అన్నం పెట్టే పంపింది.

అక్కడి నుంచి సంగతి విదేశాంగ శాఖకు చేరింది. ఒప్పందం పద్నాలుగో తారీఖున. మిత్రదేశం పాలకుడికి తన గద్దను నేసిన జంపఖానా ఫొటో ముందే పంపారు, ఆయన ముచ్చటపడ్డాడు, దాని మీదే నిలబడి ఫొటో దిగుతానన్నాడు. జంపఖానా లోపలికి రావడానికి వీల్లేదు, రాకపోవడానికీ వీల్లేదు. ఫైల్లో నాలుగు దారులు రాశారు. చట్టం మార్చడం మొదటిది, దానికి రెండేళ్లు పడుతుంది. ఇంకో జంపఖానా నేయించడానికి నాలుగు నెలలు. మూడోది స్నేహితుణ్ణి మార్చడం. (ఆ పేజీ మీద ఎర్ర సిరాతో 'ఇది రాసిందెవరు?' అని ఉంది. రాసినాయనను ప్రస్తుతం తపాలా బిళ్లల విభాగంలో చూడవచ్చు.) అన్నిటికంటే చవకైనది నాలుగోది: మతీన్‌ను వదిలేయమని అడగడం.

మంగళవారం నాడు ఒక అధికారి ఫోన్ తీసి అడిగాడు. నాలుగు నిమిషాలు పట్టింది, అందులో రెండున్నర నిమిషాలు వాతావరణం గురించి. నలభై మూడేళ్ల సంభాషణలో ఆ మిగతా ఒకటిన్నర నిమిషానికి ఎప్పుడూ తీరిక దొరకలేదు.

శనివారం మతీన్ శంషాబాద్‌లో దిగాడు. కాజీపేట దాటుతుండగా ఫోన్ చేస్తే కొత్తవాడ మొత్తం రోడ్డు మీదికొచ్చింది. లాల్‌బీ ఏడవలేదు. కొడుకు చేతులు పట్టుకుని గోళ్లు చూసింది, పళ్లు చూసింది, సంతలో మేకను చూసినట్టు అంతా చూసుకుని, "సన్నగైనవురా," అని అప్పుడు ఏడ్చింది. హుమేరా కొడుకు కొత్త మామను చూసి జడుసుకుని సదానందం కాళ్ల వెనక దాక్కున్నాడు. మొండయ్య ఆ రోజు జైలు మాట ఎత్తకుండా తనంతట తానే ఇంటికి తొందరగా పోయాడు.

మర్నాడు మతీన్ షెడ్డుకొచ్చి, రిజిస్టరు తెరిచి, 'రాలేదు' పక్కన సంతకం పెట్టాడు. జంపఖానాకు సర్టిఫికెట్ వచ్చింది. పద్నాలుగో తారీఖున మైత్రీ మందిరంలో పరిచారు. దీప ఫోన్లో ఫొటో చూపించింది: ఓడ మీద ఒక మంత్రి, గద్ద మీద పాలకుడు, ఇద్దరూ చేతులు కలిపి నవ్వుతున్నారు. ఆ ఫొటోలో ఉన్నవాటిలో మానవ హక్కుల సర్టిఫికెట్ ఉన్నది ఒక్క జంపఖానాకే.

కథ ఇక్కడితో కంచికి చేరాల్సింది. మతీన్ చేరనివ్వలేదు. టీ తాగుతూ, "సదన్నా, నా గదిల ఇంక పదకొండు మంది ఉండ్రే," అన్నాడు. "ఒగాయినది మరిపెడ. ఒగాయినది తొర్రూరు. మిగిలినోళ్లు ఏ దేశపోళ్లో గని అందరూ పాస్‌పోర్టు అడిగినోళ్లే. నన్ను పిలిస్తే వాళ్లందరూ గోడకు జరిగి తొవ్వ ఇచ్చిండ్రు."

సదానందం టీ గ్లాసు కింద పెట్టి లేచి, పెద్ద మగ్గం మీది టార్పాలిన్ లాగేసి, "రాంప్రసాదూ, రిజిస్టర్ తీయ్," అన్నాడు. మతీన్ ఒక్కో పేరు చెబుతుంటే రాంప్రసాద్ పదకొండు పేర్లు రాశాడు. పదకొండు 'రాలేదు'లు కూడా, ఈసారి తెలిసే, గట్టిగా నొక్కి మరీ రాశాడు. ఎవరూ ఆర్డరివ్వని జంపఖానాకు సమ్మమ్మ కండెలు చుట్టింది, ఆ రోజు ఒక్కసారి కూడా మానేయకుండా. అడుగున పదకొండు వరుసలూ మతీనే వేశాడు. అదయ్యాక విలువల దేశానికి ఉత్తరం పోయింది: మీ దగ్గర ఇంకో హాలు ఏదైనా ఉంటే దానికి తగిన జంపఖానా మా మగ్గం మీద ఉంది, రిజిస్టరు నకలు జత చేశాం.

చట్టప్రకారం ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఇరవై తొమ్మిదో రోజున వచ్చింది. దీప చదివి వినిపించింది. మీ జంపఖానా విషయమై శాఖ గాఢమైన ఆందోళన చెందుతోంది. (ఏకంగా మూడో మెట్టు నుంచి మొదలుపెట్టడం గౌరవమేనని దీప చెప్పింది.) గతంలో ఎదురైన ఇబ్బందుల దృష్ట్యా, మానవ హక్కులను మరింత సంపూర్ణంగా కాపాడే ఉద్దేశంతో, ఇకపై తయారీలో మానవుల ప్రమేయం లేని వస్తువులనే కొనాలని శాఖ నిర్ణయించింది. మీతో స్నేహం మాత్రం యథాతథంగా కొనసాగాలని ఆశిస్తోంది.

షెడ్డు గరం అయింది. "ఇగ బంద్!" అంది సమ్మమ్మ. "ఆ విలువలోళ్లకు మన గడపల పిలుపు లేదు, మాట లేదు. రేపు మతీన్ పెండ్లి కుదిరితే ఆ క్లారాను పిలుద్దామనుకున్న. పిల్ల మంచిదే, గని ఆ దేశం పేరు మీద వస్తే మాత్రం వద్దు."

అందరూ అవునంటే అవునన్నారు. సదానందం ఒక్కడే అనలేదు. మగ్గం అడుగున ఉన్న పదకొండు వరుసలను అరచేత్తో ఒకసారి తడిమాడు. రాజేశ్వర్ రావు ఇల్లు పక్క సందులో ఉండేది కాబట్టి మటన్ వాసన అక్కడి దాకా పోయింది. ఇంత దూరం ఏ వాసన పోతుంది?

"లోపల పదకొండు మందున్నరే," అన్నాడు. "మనం గూడ బందు పెడితే వాళ్ల ముచ్చట చెప్పేటోడెవడు? దీపా, రాయి బిడ్డా. అయ్యా, మీ పద్ధతి మాకు నచ్చలే. మీరు ఎసొంటోళ్లతోని తిరుగుతాండ్రో సూసి మాకు గాఢమైన ఆందోళనగున్నది. అయినా మీతోని సంబంధాలు తెంపుకుంటలేం. మాట్లాడుతనే ఉంటం. మాట్లాడుతాంటేనే గదా మీరు మారేది."

దీప రాసింది. సమ్మమ్మ మొగుడి వంక కిందికీ మీదికీ చూసింది.

"ఎన్నేండ్లు మాట్లాడుతవు?"

సదానందం మగ్గం మీద కూర్చుని, కండె అందివ్వమని చెయ్యి చాచాడు.

"నలభై మూడేండ్ల దాంక సూద్దాం," అన్నాడు.